ఇరవై ఎనిమిది రోజుల నీళ్లు

"నా మోకాళ్లకి చుక్క ఆముదం లేదన్నావు. ఆ ఇనప్పెట్టెలకి మాత్రం చెంబుడు పోస్తున్నావు!" అంది అత్తగారు వెంకాయమ్మ, పెరటి అరుగు మీద కాళ్లు బారజాపుకుని.

సామ్రాజ్యం పాత చీరముక్కని ఆముదంలో ముంచి అచ్చుల లోపల మూలమూలకీ పట్టిస్తోంది. ఆరంగుళాల ఇనప అచ్చులు, ఆరు. ఏ మూలైనా ఆముదం తగలకపోతే కాంక్రీటు అక్కడే పట్టుకుంటుంది, ఊడదీసేటప్పుడు అంచు విరుగుతుంది. అంచు విరిగిన క్యూబుని కాలేజీవాళ్లు మిషన్లో పెట్టరు. ఈ సంగతులు ఆమెకి ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. చేసి, చెడగొట్టి, తిట్లు తిని, మళ్లీ చేసి నేర్చుకుంది.

సంగతేమిటంటే, పెద్ద కట్టడం ఏది కట్టినా అక్కడ కలిపిన కాంక్రీటు మాలులోంచే కాస్త తీసి ఈ అచ్చుల్లో పోస్తారు. మర్నాడు ఆ దిమ్మల్ని, అంటే క్యూబుల్ని ఊడదీసి, ఇరవై ఎనిమిది రోజులు నీళ్లలో ఉంచి, ఇంజనీరింగు కాలేజీకి పంపుతారు. అక్కడ మిషన్లో పెట్టి నొక్కి, ఎంత బరువుకి పగిలిందో కాగితం రాసిస్తారు. కాగితం బాగుంటే కట్టడం బాగున్నట్టు. ఆమె మొగుడు, కంట్రాక్టరు కోటిలింగం, ఈ తతంగాన్ని పెళ్లయిన రెండో ఏడే సైటులోంచి ఇంటి పెరట్లోకి తెచ్చిపెట్టాడు. "కూలీలకి శుభ్రత ఎక్కడిది? నీ చెయ్యి మంచిది సామ్రాజ్యం, నువ్వే పొయ్యి" అన్నాడు. చెయ్యి మంచిదన్న పేరు ఆడదానికి ఊరికే రాదు, దాని వెనకాలే పని కూడా వస్తుంది.

అప్పట్నుంచి పదకొండేళ్లు. ఇసుక మూడు నీళ్లు కడుగుతుంది. కంకరని బియ్యం చెరిగినట్టు చేటలో చెరుగుతుంది. సిమెంటు పాళ్లు తప్పకుండా కొలిచి కలిపి, మూడు పొరలుగా పోసి, పొరకి ముప్పై అయిదు పోట్లు ఇనప కడ్డీతో పొడుస్తుంది. ఒక్క పోటు తగ్గినా తనకే తెలుస్తుంది. ఆ తర్వాత తొట్టి. నడుము లోతు తొట్టిలోకి వంగి ఆరు వీశెల బరువున్న క్యూబుని అడుగున పెట్టడం, నీళ్లు పాచి పట్టకుండా మార్చడం, రోజులు లెక్కపెట్టుకుని మళ్లీ పైకెత్తడం. కూతురు విమల కడుపులో ఉన్నప్పుడు కూడా ఎత్తింది. కాన్పయ్యాక నడుం పట్టేసి పడుకుంటే, "పప్పు రుబ్బినంత పని, దానికింత రాద్ధాంతమా" అన్నాడాయన.

క్యూబులు పాసైన రోజున ఆయన చాలా సంతోషంగా ఉంటాడు. "నా క్యూబులు ఒక్కటీ ఫెయిలవలేదండీ, పదకొండేళ్లలో!" అని అరుగు మీద కూర్చున్న నలుగురికీ చెబుతాడు. లోపల కాఫీ కలుపుతూ సామ్రాజ్యం కూడా సంతోషించేది. పిచ్చిమొహం! ఆవకాయకి పాళ్లు చెప్పి పక్కింటివాళ్ల చేత కలిపించినట్టుగా, తను కలిపిన పాళ్లే అక్కడా కలుపుతారనుకుంది. ఎక్కడో ఊరి బయట లేచే స్తంభాలు తన పెరట్లోంచే లేస్తున్నాయనుకుంది. ఇందులో ఆమెకి అనుమానం రాకపోవడానికి కారణం ఒకటే, మొగుడు ఊరివాళ్లకి కట్టిన ఏ కట్టడమూ ఆమె దగ్గరికెళ్లి చూడలేదు. సైటుకి ఆడవాళ్లు రాకూడదు. తట్టలు మోసే ఆడవాళ్లు రావచ్చు.

అరవై రెండో సంవత్సరం, మాఘమాసం. సత్తెనపల్లికి మూడు మైళ్ల దూరాన, పత్తి మిల్లు సుబ్బరావమ్మ గారు పురుళ్ల ఆసుపత్రికి పన్నెండు మంచాల వార్డు కట్టించి ఇస్తోంది. ఆవిడ ఒక్కగానొక్క కూతురు గుంటూరు తీసుకెళ్తుంటే దారిలో, ఎండలో, ఎడ్లబండిలోనే కాన్పు కష్టమై చనిపోయింది. "ఎవరి పిల్లయినా సరే, నీడలో కనాలి" అని ఆవిడ స్థలం కొన్నది. ఆ పని కోటిలింగానికి దక్కింది.

ఆయన మొదట్నుంచీ ఒక మాట అంటుంటాడు. "పార్టీ సంతోషంగా ఉంటే గోడ దానంతటదే నిలబడుతుంది." పార్టీ అంటే కట్టించుకునేవాళ్లు. వాళ్లని సంతోషపెట్టే పనిలో సగం సామ్రాజ్యం వంటింటిదే. ఏ పార్టీకి గోంగూర ఇష్టం, ఎవరికి ఉల్లిపాయ పడదు, ఎవరి కోడలికి నెల తప్పింది కనక చలిమిడి పంపాలి, ఇవన్నీ ఆమె గుర్తుపెట్టుకోవాలి. పని పూర్తయ్యేనాటికి పార్టీని ఇంటికి పిలిచి భోజనం పెట్టి, "పని మాకు తృప్తికరముగా నున్నది" అని కాగితం రాయించుకుంటాడు. ఆ కాగితాల్లో వంట ప్రస్తావన కూడా ఉండదు.

స్లాబు పోతకి రెండు రోజుల ముందు, సైటుకి క్యారియరు పట్టుకెళ్లే చెంచయ్యకి జ్వరం వచ్చింది. పని తనిఖీ చేసే ఓవర్సీరుకి ఆ పూట భోజనం వీళ్లింటి నుంచే. ఎండ ఎక్కుతోంది. సామ్రాజ్యం చూసి చూసి, క్యారియరు తనే పట్టుకుని బయల్దేరింది.

దారి పొడుగునా కల్లాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. కనుచూపు మేర ఎరుపు. మిట్టమధ్యాహ్నం కావడంతో కాపలా మనిషి కూడా లేడు. ఘాటుకి కళ్లల్లో నీళ్లు కారుతున్నాయి. సైటు దగ్గర మగవాళ్లంతా ఇటుకల గుట్ట వెనక నీడలో తలకి తువ్వాళ్లు చుట్టుకుని నిద్రపోతున్నారు. ఓవర్సీరూ, ఆయనా ఇటుకబట్టీ చూడ్డానికి వెళ్లారట. క్యారియరు మేస్త్రీ గుడిసెలో పెట్టి వెనక్కి వచ్చెయ్యాల్సింది. కాని వార్డు చూడాలనిపించింది. పదకొండేళ్లలో మొదటిసారి.

లోపల చీకటిగా ఉంది. పైన స్లాబు కోసం పరిచిన చెక్కలు, వాటి కింద అడవిలా నిలబెట్టిన వాసాలు. వాటి మధ్య ఎనిమిది స్తంభాలు. బయట అంత ఎండ కాస్తుంటే లోపల చల్లగా, తడిమట్టి వాసనతో ఉంది. పురిటిగది వాసన కూడా ఇలాగే ఉంటుందని ఆమెకి అనిపించి ఒళ్లు జలదరించింది.

దగ్గరున్న స్తంభం మీద చెయ్యేసింది. తన స్తంభం. సంతలో కుండ కొనేటప్పుడు వేసినట్టు అలవాటుగా వేలి కణుపులతో రెండుసార్లు కొట్టింది.

గుల్లగా మోగింది.

పగిలిన కుండ మోత ఆమెకి తెలుసు. ఇది అంతకన్నా కింది నుంచి, లోపల ఎవరో బోలుగా నవ్వినట్టు వచ్చింది. చెవి దగ్గరపెట్టి ఇంకోసారి కొట్టబోయింది. చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది, స్తంభాల మధ్యలోంచి ఎక్కడ్నుంచో మూడు దెబ్బలు వినబడ్డాయి. టక్, టక్, టక్.

గుండె ఆగినంత పనైంది. మళ్లీ మూడు దెబ్బలు. అటుగా నాలుగడుగులు వేసి చూస్తే, రెండు స్తంభాల అవతల ఒక ఆడమనిషి చెవి స్తంభానికి ఆనించి, చేతిలో గులకరాయితో కొడుతోంది.

"నేనేనమ్మా, జైతున్‌బీని. తట్టలు మోత్తాను" అంది ఆమె, కొంగు సర్దుకుంటూ. యాభై ఏళ్లుంటాయి. "మిద్దెలు కొట్టిన చెయ్యమ్మా ఇది. సున్నం మిద్దె మీద కూకోని కర్రల్తో పది రోజులు కొట్టేవోళ్లం. ఎక్కడ గుల్లుందో మోతని బట్టి చెప్పేదాన్ని. ఈ సిమెంటు పన్లో ఎవురూ అడగరు. అలవాటు పోక కొడతన్నా."

"ఇదీ గుల్లేనా?"

"ఎనిమిదిట్లో ఆరు." జైతున్‌బీ బొటనవేలితో స్తంభం అడుగు రుద్దింది. బూడిద రాలింది. "సర్కారిచ్చే పర్మిట్ సిమెంటు ఎటు పోతదో నాకెరికలేదు గానీ, ఇక్కడికి మటుకు రాదు. పిడుగురాళ్ల సున్నం బట్టీల బూడిద కలుపుతారు, రంగు కోసరం. మీ ఇంటి కూబులకీ ఈ మాలుకీ సుట్టరికమే లేదమ్మగారూ. ఎవురికీ చెప్పబాకండి, నా కూలి పోద్ది."

సామ్రాజ్యం అంత సేపూ ఏదో ఒక తప్పు జరిగి ఉంటుందని, పాళ్లు ఎవరో మర్చిపోయి ఉంటారని అనుకోవాలని చూస్తోంది. మర్చిపోయినవాళ్లు రంగు కోసం బూడిద తేరు.

అప్పుడు ఆ మూల నుంచి, చివరి స్తంభం నుంచి మళ్లీ వినబడింది. టక్, టక్, టక్.

ఇద్దరూ ఒకళ్ల చేతులు ఒకళ్లు చూసుకున్నారు. జైతున్‌బీ చేతిలో రాయి కదల్లేదు.

"ఎండకి చెక్కలు పగులుతున్నాయి" అంది సామ్రాజ్యం.

"చెక్క ఒక్కసారే పగుల్తదమ్మా" అంది జైతున్‌బీ మెల్లగా.

ఇద్దరూ ఎండలోకి వచ్చేశారు. తర్వాత జైతున్‌బీ తన కూతురు జుబేదా సంగతి చెప్పింది. ఎనిమిదో నెల. తట్టలు మోసిన కూలీల ఇళ్లల్లో పిల్లదే ఈ వార్డులో మొదటి కాన్పు కావాలని సుబ్బరావమ్మ గారు అన్నదట. "మా పిల్ల అప్పుడే పేరు కూడా ఎతుక్కుంది" అంది జైతున్‌బీ. ఏం పేరో సామ్రాజ్యం అడగలేకపోయింది.

ఆ సాయంత్రం మొగుడికి వడ్డిస్తూ, "మన క్యూబుల మాలూ అక్కడి మాలూ ఒకటేనా అండీ?" అంది.

కోటిలింగం నవ్వాడు. చెడ్డ మనిషి నవ్వులా కూడా లేదది. "కూర రుచి చూడ్డానికి గరిటెడు తీస్తావు. ఆ గరిటెడు బాగుంటే కూరంతా బాగున్నట్టే గదా? గరిటె వరకే మన బాధ్యత" అన్నాడు. "సాగరు డ్యాము మొదలెట్టినప్పట్నుంచీ సిమెంటు మొహం చూడ్డమే కష్టంగా ఉంది. అందరూ చేసేదే నేనూ చేస్తున్నా. అయినా నీకెందుకివన్నీ? పప్పులో ఉప్పు తగ్గింది చూసుకో."

ఉప్పు తగ్గలేదు. ఆమె రుచి చూసింది.

ఆయన చెయ్యి కడుక్కోవడానికి వెళ్లగానే హాలులో స్తంభం మీద కణుపులతో కొట్టింది. కొండరాయిలా మూగగా ఉంది. వంటింటి గోడ, పడకగది గోడ, దొడ్డి గోడ కూడా కొట్టి చూసింది. ఎక్కడా గుల్ల లేదు. ఏడేళ్ల కింద పాతింటి స్థానంలో ఆయన దగ్గరుండి కట్టించుకున్న ఇల్లది. మంచి మాలు ఎలా కలపాలో ఆయనకి బాగా తెలుసన్నమాట. అప్పుడు వచ్చింది ఆమెకి ఏడుపు.

"గోడల్ని కొడతావేమే? దరిద్రం, దెయ్యాల్ని పిలిచినట్టు!" అని అరిచింది అత్తగారు.

స్లాబు పోసే రోజు వచ్చింది. ఆముదం రాసిన ఆరు అచ్చులూ పెరట్లో వరసగా పెట్టుకుంది సామ్రాజ్యం. మూడింట్లో ఎప్పట్లాగే తన మాలు పోసింది. భయం, ఇంకేం లేదు. పది గంటలకి మజ్జిగ కోసమని జైతున్‌బీ ఇంటికొచ్చింది. నెత్తి మీద తట్ట, దాని మీద తడి గోనె. తట్ట దించి మజ్జిగ కుండ తీసుకుని వెళ్లిపోయింది. గోనె తీస్తే, సామ్రాజ్యం తెమ్మని చెప్పిన స్లాబు మాలు.

మిగిలిన మూడు అచ్చుల్లో అది పోసింది. లెక్క తప్పలేదు. మూడు పొరలు, పొరకి ముప్పై అయిదు పోట్లు. తన మాలుకి ఎంత శ్రద్ధ పెట్టిందో దీనికీ అంతే పెట్టింది. రేపు ఎవరైనా, కావాలని పాడుచేశావంటారేమో. దానికి అన్యాయం జరిగిందన్న మాట రాకూడదు. మర్నాడు ఊడదీసి, మేకుతో తేదీ గీకి, తొట్టిలో కుడివైపు తనవి మూడు, ఎడమవైపు వార్డువి మూడు పెట్టింది.

అత్తగారితో ఏమీ అనలేదు. మొగుడు తొట్టిలోకి ఎప్పుడూ తొంగి చూడడు.

ఇరవై ఎనిమిది రోజులంటే ఏమంత ఎక్కువని మీకనిపించవచ్చు. తొట్టి పక్కన బతికేవాళ్లకి తెలుస్తుంది. నాలుగో రోజు నుంచి ఎడమవైపు నీళ్లు కదలడం మొదలైంది. బుడగలు. సన్నగా, ఒకదాని వెనక ఒకటి, మధ్యాహ్నం ఎండ నెత్తి మీదికి రాగానే బయల్దేరేవి. కొత్త క్యూబుల్లోంచి మొదటి పూట నాలుగు బుడగలు రావడం ఆమెకి తెలుసు. వారం తర్వాత కూడా వస్తాయా? పదిహేను రోజుల తర్వాత? నీళ్లు మార్చి చూసింది. తొట్టి తోమి చూసింది. కుడివైపు నీళ్లు అద్దంలా ఉండేవి. ఎడమవైపు మాత్రం ఎవరో అడుగున పడుకుని ఊపిరి వదులుతున్నట్టు ఆగి ఆగి పైకి వచ్చేవి. బుడగ చిట్లినప్పుడల్లా టక్ మని చిన్న చప్పుడు. మూడు వచ్చి ఆగేవి. మళ్లీ మూడు.

తొమ్మిదేళ్ల విమల మధ్యాహ్నం అన్నానికి బడి నుంచి వచ్చి, చెయ్యి కడుక్కోవడానికి వెళ్లి అక్కడే నిలబడిపోయింది ఒకరోజు. "అమ్మా, ఇటుపక్కవి మాట్లాడుతున్నాయే" అంది. "ఏమంటున్నాయి?" అని అడిగింది సామ్రాజ్యం, నవ్వుదామనుకుంటూనే. పిల్ల తల వంచి విన్నది. "అర్థం కావట్లేదు. చాలామంది ఉన్నారు" అంది. అంతలో రెండో గంట కొడతారని పరికిణీ ఎత్తి పట్టుకుని పరుగెత్తింది. ఆ మాట విన్నాక సామ్రాజ్యం తొట్టి మీద చాప కప్పేసింది. చాప కింద నుంచీ వినబడుతూనే ఉంది.

పగలల్లా చెవులు అటే ఉండేవి. పోపు వేస్తుంటే వినబడేది. రుబ్బురోలు ఆపితే వినబడేది. చేతికేది తగిలితే అది కొట్టి చూడడం అలవాటైపోయింది. ఇత్తడి గంగాళం, బియ్యం డబ్బా, అత్తగారి భోషాణం. ఒక మధ్యాహ్నం స్నానం చేస్తూ తన ఛాతీ ఎముక మీద కొట్టుకుంది. అక్కడ వచ్చిన మోత విని అలాగే కూర్చుండిపోయింది, చెంబు చేత్తో పట్టుకుని. ఇన్నేళ్లూ ఈ ఇంట్లో తనమీద పడ్డ పోట్లకి లెక్కలేదు. ఎందులోనూ సిమెంటు లేదు.

అయినా మనసు ఒకచోట నిలవలేదు. చెబితే ఈ ఇంటి సంగతేమిటి? మొగుడు రోడ్డున పడితే తనూ పిల్లా ఎక్కడ ఉంటారు? పుట్టింట్లో అన్న మొహం గుర్తొచ్చేది. "మగాడి పని మగాడిది. నువ్వు నీళ్లు పోశావా, పక్కకి జరిగావా" అంటుండేది అత్తగారు, ఏదీ తెలియకుండానే. కుడివైపు మూడూ ఉన్నాయి గదా అనుకునేది సామ్రాజ్యం. వాటిని పంపితే ఎవరికీ ఏమీ తెలియదు. అన్నీ ఎప్పట్లాగే ఉంటాయి. ఇరవయ్యో రోజున జైతున్‌బీ పెరటి గుమ్మం దాకా వచ్చింది. లోపలికి రాలేదు. "జుబేదాకి కాళ్లు నీరు పట్టాయమ్మా. నొప్పులొత్తే వార్డులోనే కంటానంటంది, పంకా తిప్పుతారంట" అంది. చాప కప్పిన తొట్టి వైపు చూసి, రెండు చేతులూ చెవులకి ఆనించుకుని వెళ్లిపోయింది.

ఇరవై ఎనిమిదో రోజు మధ్యాహ్నం సుబ్బరావమ్మ గారు భోజనానికి వచ్చింది. మర్నాడు క్యూబులు కాలేజీకి వెళ్తాయి. "ఫలితం తెలిసిందే గదండీ, పదకొండేళ్ల పేరు మాది. తమరు కాగితం ఇచ్చేస్తే గురువారం ప్రారంభం పెట్టేసుకుందాం" అన్నాడు కోటిలింగం, ఆవిడకి తనే పీట వేస్తూ. ఆవిడ తెల్లచీరలో, నుదుట బొట్టు లేకుండా, పొడుగ్గా ఉంది. వార్డుకి పెట్టబోయే పేరు చెక్కిన పాలరాయి పలక చూసొచ్చానని చెప్పింది. కూతురి పేరు చెప్పేటప్పుడు గొంతు కొంచెం తగ్గించింది, పిల్ల నిద్రపోతోందన్నట్టు.

గోంగూర బాగుందంది. "మీకు తృప్తేగా అమ్మగారూ?" అన్నాడు కోటిలింగం. "పార్టీ తృప్తే మాకు క్వాలిటీ."

"తృప్తే" అంది ఆవిడ, పప్పు కలుపుకుంటూ.

ఆ మాట విన్నాక సామ్రాజ్యం నెయ్యి గిన్నె కింద పెట్టి పెరట్లోకి వెళ్లింది. చాప తీసింది. మిట్టమధ్యాహ్నమే, కాని తొట్టిలో ఎక్కడా బుడగ లేదు. ఎడమవైపూ లేదు. నీళ్లన్నీ ఆమె మొహంకేసి చూస్తూ ఊరుకున్నాయి. ఇన్నాళ్లూ వినబడిన చప్పుడుకంటే ఆ నిశ్శబ్దానికి ఎక్కువ భయం వేసింది. చెప్పాల్సినవాళ్లు చెప్పడం ఆపేసి, ఆమె ఏం చేస్తుందో చూస్తున్నారు.

వంగి కుడివైపుది ఒకటి ఎత్తింది. చంకనేసుకుని, చీరంతా తడుపుకుంటూ తీసుకొచ్చి సుబ్బరావమ్మ గారి విస్తరి పక్కన పెట్టింది. మళ్లీ వెళ్లి ఎడమవైపుది తెచ్చి దాని పక్కన పెట్టింది.

"ఏంటిది? భోజనాల దగ్గరా? నీకేమైనా మతిపోయిందా?" అన్నాడు కోటిలింగం సగం లేచి. "లోపలికి పట్టుకుపో."

"మీరు పత్తి చూస్తారుగా అండీ, పింజె లాగి" అంది సామ్రాజ్యం, మొగుడి వైపు చూడకుండా. "ఈ రెండూ కూడా చూడండి."

సుబ్బరావమ్మ గారు ఎడమచేత్తో మొదటిదాని అంచు పట్టుకుంది. ముప్పై ఏళ్లు బేళ్లలోంచి దూది లాగి మంచీ చెడూ చెప్పిన వేళ్లవి. అంచు కదల్లేదు. రెండోదాని అంచు పట్టుకుని, బొటనవేలూ చూపుడువేలూ కలిపి నలిపింది. మూల మొత్తం ఆవిడ అరచేతిలోకి వచ్చేసింది. బూడిద రంగు నీళ్లు మణికట్టు మీదుగా కారాయి.

"ఎవరు చేశారివి?"

"రెండూ నేనే చేశానండీ. ఒకే చెయ్యి, ఒకే తొట్టి, ఒకే లెక్క. అది మా పెరట్లో మాలు. ఇది మీ వార్డు స్లాబు మాలు. నేను ఇన్నేళ్లూ కాలేజీకి పంపింది మా పెరడుని. కట్టింది దీంతో."

"ఆడవాళ్లకి ఏం తెలుసండీ, పదును తప్పితే ఒక్కోటి..." అని మొదలెట్టాడు కోటిలింగం. సుబ్బరావమ్మ గారు చేత్తోనే ఆపింది. బూడిద ఉన్న చేత్తో. ఆవిడ కళ్లల్లో నీళ్లు రాలేదు. ఎంత ఖర్చయిందనీ అనలేదు. "పన్నెండు మంచాలు వేయించానమ్మా" అంది. తర్వాత తలెత్తి గోడకేసి చూసింది. అక్కడ అద్దాలు బిగించి వరసగా తగిలించిన తృప్తి కాగితాలున్నాయి, పదకొండు. "ఇదొక్కటేనా?"

సామ్రాజ్యం కూడా అటు చూసింది. రోజూ తుడిచే అద్దాలే. ఇన్ని రోజులూ వార్డు తప్ప ఇంకేదీ తన బుర్రలోకి రాలేదు. రానివ్వలేదేమో. "కాదండీ. అన్నిటికీ నేనే పోశాను" అంది. వేలు పెట్టి వరసగా చెప్పడం మొదలెట్టింది. "అది పొగాకు గిడ్డంగి. అది సంత షెడ్డు. అది సత్రం. ఆ నాలుగోది..."

నాలుగోదానికి క్యూబులు పోసిన రోజు గుర్తొచ్చింది. తొట్టి పక్కన చీర ఉయ్యాల కట్టి, విమలని అందులో వేసి, ఒక కాలితో ఊపుతూ ముప్పై అయిదు పోట్లు లెక్కపెట్టింది. మా పిల్ల పెద్దయ్యాక ఇందులోనే చదువుకుంటుంది అని ఆ రోజు అత్తగారితో గొప్పగా చెప్పింది కూడా. పిల్ల ఇందాకే అన్నం తిని, పులుసు సరిగా కలపలేదని అలిగి వెళ్లింది.

వీధిలోంచి గంట వినబడింది. రైలుపట్టా ముక్క మీద ఇనపకడ్డీతో కొడతారు. టక్, టక్, టక్. మధ్యాహ్నం బడికి రెండో గంట. పిల్లలంతా లోపలికి వెళ్లి కూర్చునే గంట.

"సామ్రాజ్యం! ఎక్కడికీ?" అని అరిచాడు కోటిలింగం. ఆమె అప్పటికే తడిచీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని గడప దాటింది. చెప్పులు కూడా వేసుకోలేదు.

"పెరుగు ఉట్టి మీద ఉంది, మీరే వడ్డించుకోండి" అంది వెనక్కి తిరక్కుండా. "నేను పిల్లలందర్నీ బయటికి పిలవాలి."